చాళ్ళ మీద గుడిసెలు

ఆ జేసీబీ బడి ముందు నుంచి పోయినప్పుడు నేను పప్పులోకి తాలింపు వేస్తున్నాను. వంటగది గోడ అదిరి, పొయ్యి మీది బాణలి కొంచెం కదిలింది. గరిటె చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాను. జేసీబీ వెనక రెండు ట్రాక్టర్లు, వాటి వెనక మోటారు సైకిలు మీద ఊరి పెద్ద రైతు. ఆ దారి బడి దాటాక మా గూడేనికి పోతుంది, అక్కడి నుంచి అడవిలోకి పోతుంది. వేరే ఎక్కడికీ పోదు.

"యాడికి సామీ ఇన్ని బండ్లు?" అని అడిగాను.

ఆయన బండి ఆపలేదు, వేగం తగ్గించాడు. "గట్టు సాపు జేస్తాండాం. మిరప పెట్టల్ల. నువ్వు పప్పులోకి నీళ్లు ఎక్కువ పొయ్యాకు, పిల్లోళ్లు చారు తాగినట్ల ఉండాదంటాండారు" అని నవ్వి పోయాడు.

మేము చెంచులం. ఆత్మకూరు వైపు నల్లమల అంచున, బడి ఉన్న ఊరికి పైన మా గూడెం. గూడెం వెనక నుంచే గట్టు, చెట్లున్న కొండవాలు, మొదలవుతుంది. నేను అక్కడికి కోడలిగా వచ్చినదాన్ని. పుట్టింది ఇంకా లోపల, అడవి మధ్యలో. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది. చెంచుది వండితే మన పిల్లలు తినాలా అని మొదట్లో ఊళ్ళో గొణిగారు. కోడిగుడ్డు పులుసుకు పిల్లలు అలవాటు పడ్డాక పెద్దవాళ్ళు నోరు మూసుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నారని నేను అనుకున్నాను. అది నా తెలివితక్కువతనం.

గట్టు మీద తునికి, సార, తపసి చెట్లు, వాటి మధ్య నన్నారి తీగలు. ఎండాకాలంలో కర్నూల్లో, కడపలో తోపుడు బండ్ల మీద నన్నారి షర్బత్తు తాగుతారే, ఆ వేర్లు తవ్వి మోసుకొచ్చేది మాలాంటివాళ్ళే. బంక, సారపప్పు, తునికి పండ్లు, వేర్లు. ఏడాదిలో సగం మాకు ఆ గట్టే తిండి పెట్టేది. మిగతా సగం ఊరి రైతుల చేలల్లో మిరప కోత కూలి. మీటింగులకు వచ్చేవాళ్ళు మా ముందు మైకు పెట్టి, అడవి తల్లి గురించి రెండు మాటలు చెప్పమంటారు. మా గూడెంలో ఎవరూ అడవిని తల్లి అనగా నేను వినలేదు. గట్టును గట్టు అంటాం. అది పోతే పస్తుంటాం.

బడి గిన్నెలు తోమి గూడెం చేరేసరికి సాయంత్రమైంది. గట్టు కింది భాగం నున్నగా గీకేసి ఉంది. చెట్లన్నీ ఒక పక్కకు తోసి గుట్ట వేశారు. ఎర్రమన్ను పైకి తేలి, విరిగిన కొమ్మల పచ్చివాసన ముక్కుకు కొట్టింది. ట్రాక్టర్లు అప్పుడే ఒక వార దున్ని చాళ్ళు కూడా తీసేశాయి. మా అత్త పడిపోయిన తపసి మాను మీద కూర్చుని వక్కాకు నములుతోంది. మగవాళ్ళు దూరంగా గొంతుక్కూర్చుని ఉన్నారు. నా మొగుడు వాళ్ళలోనే ఉన్నాడు.

"ఏం జేద్దామయ్యా?" అన్నాను.

"ఏం జేస్తాం మే. పొద్దున లేస్తే వాళ్ల చేన్లకే కూలికి పోవల్ల. గమ్మునుండు."

అత్త వక్కాకు ఉమ్మేసింది. "నువ్వుండు గమ్మున. నీకు వాడు కూలిస్తాడు. నాకేమిస్తాడు? నేను మిరక్కాయ కొయ్యలేను, కండ్లు మండుతాయి. నా కూడు ఈడనే ఉండాది."

"అమ్మా, వాండ్లు ఊరంతా ఒకటైతారు. మనమెంతమందిమి?"

"రేపు వాడు నారు తెచ్చి నాటితే ఇది చేనైపోతాది. మనం కాలు పెడితే దొంగలంటాడు. నాటక ముందే పోయి కూసోవల్ల."

"యాడ కూసుంటావే?"

"వాడు దున్నినాడే, ఆ చాళ్ళలోనే."

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళం మాత్రం అప్పుడే గుడిసెల వైపు నడిచాం. అత్త మీద నాకు అంతకు ముందు పెద్ద ప్రేమేమీ లేదు. నోరు ఎక్కువ, నా వంట ఎప్పుడూ బాగుందనలేదు. కానీ ఆ మాట ఆమె అన్నాక వేరే దారి ఏదీ కనిపించలేదు.

తెల్లవారగానే గుడిసెలు విప్పాం. వాసాలు, బోద గడ్డి కట్టలు, రేకులు, కుండలు, మేకలు, కుక్కలు అన్నీ గట్టు మీదికి చేర్చాం. దున్నిన నేలలో గుంజ పాతడం సులువు, నిలబెట్టడమే కష్టం. నా మొగుడు చాలాసేపు పాత చోటే కూర్చున్నాడు. తర్వాత రుబ్బురోలు భుజాన వేసుకుని వచ్చి నా గుడిసె ముందు దించాడు. బడికి జ్వరమని కబురు పంపాను.

కొంచెం పొద్దెక్కాక పెద్ద రైతు వచ్చాడు. ట్రాక్టరు ట్రాలీలో మిరప నారు, నారు పక్కనే నాటే కూలి ఆడవాళ్ళు. ఆ ఆడవాళ్ళంతా ఊరివాళ్ళే. కోతల్లో వాళ్ళ పక్క సాలే నాది. ఎండలో ఒకే చెంబు నీళ్ళు తాగాం అని చెప్పను, మా చెంబు వాళ్ళు ముట్టేవాళ్ళు కారు. కానీ మాటలు కలిసేవి.

"ఏందిది?" అన్నాడు ఆయన.

అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కదా.

"ఈడ మేముండాం సామీ. నారు కిందికి తీసుకుపోండి, మీ చేన్లో పెట్టుకోండి."

"ఇదేమన్నా నీ పట్టా భూమా?"

"నీదా?"

అంతవరకు నేను ఆయన్ని మీరు తప్ప అనలేదు. ఆ ఒక్క మాటకు ఆయన మెడ నరం ఉబ్బింది.

"అడివి గవర్మెంటుది. మీయబ్బది కాదు."

"గవర్మెంటుదైతే నువ్వెట్ల దున్నుతాండావు?"

ఆయన ట్రాలీ వైపు తిరిగి, "సూసినారా, మన పిల్లోళ్లకు కూడొండే దానికి నోరెట్ల లేసిందో" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకామె, నాతో బాగా మాట్లాడే ఆమె, గట్టిగానే అంది: "మా ఊరి మీద బతుకుతా మా మీదికే లేస్తారు. వీళ్లనట్ల నెత్తినెక్కించుకుంటే ఇట్లనే ఉంటాది."

మధ్యాహ్నం లోపలే ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కర్రలు, పారలు పట్టుకున్న మగవాళ్ళు వెంట ఉన్నారు. ముందు జేసీబీ. దాని తొట్టి ఒక గుడిసె కప్పును ఎత్తి అవతల పడేసింది. లోపలున్న కుండలు పగిలాయి. రెండో గుడిసె ముందు మా అత్త చాలులో కాళ్ళు చాపుకుని కూర్చుంది. జేసీబీ ఆమెకు మనిషి దూరంలో ఆగింది. ఆ డ్రైవరు కడప వైపు నుంచి బాడుగకు వచ్చినవాడు, మాకు గానీ ఊరికి గానీ చుట్టం కాడు.

"ముసలామెను లేపండి సామీ. మనిషి మీదికి నేను పోనీను" అన్నాడు.

"లేస్తాదిలే. నువ్వు పోనీ."

"మన్ను తవ్వేదానికి నాకు బాడుగ మాట్లాడినారు, మనుషుల్ని తవ్వేదానికి కాదు." ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగిపోయాడు. పెద్ద రైతు వాణ్ణి అమ్మను, ఆలిని కలిపి తిట్టాడు. వాడు వినపడనట్టు పోయి చెట్ల గుట్ట పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు.

అప్పుడు ఊరి మనుషులే అత్త రెక్కలు పట్టి ఈడ్చారు. నా మొగుడు అడ్డం పోయాడు. ఒకడు పార కట్టెతో ఆయన భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఎండు కొమ్మ విరిగితే వచ్చే చప్పుడు కాదు అది, లోపల మూసిపెట్టిన చప్పుడు. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

నేను చాలులోంచి మట్టిపెళ్ళ తీసి విసిరాను. అది పెద్ద రైతు నుదుటికి తగిలి, కనుబొమ్మ పక్కన చిట్లి రక్తం కారింది. పొరపాటున తగిలిందని తర్వాత స్టేషన్లో చెప్పాను గానీ, గురి చూసే కొట్టాను. ఇంకో పెళ్ళ కూడా తీశాను. ఆ లోపల గూడెం ఆడవాళ్ళంతా తలా ఒకటి తీశారు. రక్తం చూసి ఊరివాళ్ళు ఆయన్ని బండెక్కించుకుని దిగిపోయారు.

నా మొగుణ్ణి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊరి ఆటోవాడు మమ్మల్ని చూసి బండి ఆపకుండా పోయాడు. రెండో ఆటోవాడు ఆపి, ఎవరో తెలుసుకుని, "నా బండి ఊళ్ళో తిరగల్లప్పా" అని మొహం తిప్పుకున్నాడు. నా మొగుడి చెయ్యి చీరతో ఛాతీకి కట్టి, పెద్ద రోడ్డు దాకా నడిపించుకుపోయి బస్సెక్కాం.

మేము ఆసుపత్రిలో ఉండగానే ఆ రోజు గొడవ ఫోన్లలో తిరగడం మొదలైంది. ఊరి కుర్రాడెవడో తీసిన వీడియో. రైతు మీద చెంచుల దాడి అని పైన రాశారు. అది నా మట్టిపెళ్ళతోనే మొదలైంది. దానికి ముందు పార కట్టె లేదు, జేసీబీ లేదు, ఈడ్చిన మా అత్త లేదు. నేను చెయ్యెత్తి విసరడం, ఆయన నుదురు పట్టుకోవడం, అంతే. ఆసుపత్రి కాంపౌండరు కూడా చూశాడు. కట్టు కడుతూ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా ఆమెవు?" అన్నాడు.

అక్కడి నుంచే పోలీసులు మమ్మల్ని స్టేషనుకు రమ్మన్నారు. పెద్ద రైతు అప్పటికే ఫిర్యాదు ఇచ్చి పోయాడట. ఎస్సై మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు.

"ఆయన నుదుటికి కుట్లు పడినాయి. నీ మొగుడికి ఎముక ఇరిగింది. సరికి సరిపాయ. రాజీకి రాండి."

"గట్టు సంగతేంది సార్?"

"గట్టు సంగతి నాది కాదు. ఫారెస్టోళ్లనడుగు పో."

రాజీకి ఒప్పుకోలేదు. రెండు పక్కలా కేసు రాశారు.

తర్వాత ఊరు ఏం చేయాలో అది చేసింది. అంగడికి ఉప్పుకు పోయాను. అంగడాయన తరతరాల కోమటి, నోరు మెత్తన. నా ముందే ఇంకొకామెకు చక్కెర తూకం వేస్తూ, "సరుకు రాలేదమ్మా" అన్నాడు. నా వెనక బస్తాలు వరసగా ఉన్నాయి. జొన్నలు పట్టించడానికి మిల్లుకు పోతే మిల్లువాడు కరెంటు లేదన్నాడు. మిల్లు తిరుగుతూనే ఉంది, ఆ రొదలో ఆ మాట నాకు వినపడక రెండోసారి అరిచి చెప్పాడు, "కరెంటు లేదూ!" అని. ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గూడెంలో రోళ్ళు బయటికి తీసి దంచుకున్నాం. కూలికి పిలిచేవాడు లేడు. చెరువు దగ్గర మా మేకల్ని కుక్కల చేత తరిమించారు.

సోమవారం బడికి పోయాను. ఎప్పటిలాగే వండాను. గంట కొట్టారు. మా గూడెం పిల్లలు కంచాలు తెచ్చుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. ఊరి పిల్లలు మాత్రం అటువైపు చెట్టు కిందికి పోయి, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్లు విప్పారు. వాళ్ళు నా వైపు చూడలేదు. చూడొద్దని చెప్పి పంపినట్టున్నారు. అంత చిన్న పిల్లలకు అంత గట్టిగా తల తిప్పుకోవడం ఎవరు నేర్పారా అనిపించింది. మా పిల్లలకు వడ్డించాను. వాళ్ళు కూడా సరిగ్గా తినలేదు. గిన్నె నిండా అన్నం అట్లాగే ఉండిపోయింది.

హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆదోని వైపు మనిషి, మా బడికి బదిలీ మీద వచ్చాడు.

"తల్లిదండ్రులొచ్చి పోయినారమ్మా. నువ్వొండితే పిల్లోళ్లను పంపమంటాండారు. నేను బయటోణ్ణి. నాకెందుకు ఈ తగువు?"

"నేనేమన్నా కూట్లో విషం కలిపినానా సార్?"

"నేనట్లన్నానా? కొన్నాళ్లు రావాకు. తర్వాత చూద్దాం."

"ఆ మాట మీరు వాళ్లతో అంటే బాగుండు. కొన్నాళ్లు మీ పిల్లోళ్లను పంపాకండని."

ఆయన టేబులు మీది పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. నేను వంటగదిలోకి పోయి, అన్నం గిన్నె రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆయన గది గడప ముందు పెట్టాను. మూత కూడా పెట్టలేదు. ఆ వారంలోనే ఊరి నుంచి వేరే ఆమె వంటకు వచ్చింది. నాతో నవ్వుతూ మాట్లాడి, ఆ రోజు ట్రాలీలో నోరు పారేసుకున్న ఆమే.

నంద్యాలలో కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజున నేనూ, అత్తా, ఇంకొందరు ఆడవాళ్ళమూ పోయాం. వరసలో నిలబడ్డాం, చెప్పుకున్నాం, చూస్తామన్నారు. ఆ తర్వాత అడవి శాఖ రేంజి ఆఫీసరు కొలిచే మనుషులతో గట్టు మీదికి వచ్చాడు. ఒక పక్క పెద్ద రైతు, ఊరివాళ్ళు. ఇంకో పక్క మేము. కొలతలు వేసి, గట్టంతా అడవి హద్దు లోపలే ఉందని తేల్చారు. ఆఫీసరు పెద్ద రైతును అందరి ముందరా తిట్టాడు. చెట్లు నరికినందుకు కేసు పెడతానన్నాడు. పెద్ద రైతు చేతులు కట్టుకుని వినడం నేను మొదటిసారి చూశాను. కడుపు నిండింది.

అది ఎంతోసేపు నిలవలేదు. ఆఫీసరు మా వైపు తిరిగాడు.

"మీరూ గుడిసెలు పీక్కోండి. ఇది పులుల అడివి. ఈడ మిరపా ఉండేదానికి ల్యా, మీరూ ఉండేదానికి ల్యా. రోడ్డు పక్కన ఇండ్లు కట్టిస్తాం, దిగిపోండి."

"దిగి ఏం దినల్ల సార్?"

"అందరి మాదిరి కూలి జేసుకోండి."

"ఎవురు పిలుస్తారు? మాకు ఉప్పు గూడా అమ్మడం ల్యా."

"అది నాకు సంబంధం లేదు."

ఎస్సై అన్న మాటే. అత్త ఆయన బూట్లకు కొంచెం ఇవతలగా వక్కాకు రసం ఉమ్మింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఈసారి అడవి శాఖ మనుషులే వచ్చి గుడిసెలు పీకారు. వాళ్ళు పోయాక మళ్ళీ వేశాం. మళ్ళీ పీకారు, మళ్ళీ వేశాం. నా చేతులకు కాయలు కాచాయి. ఒకసారి గుంజ పీకుతున్న గార్డును చూస్తే మా చెంచు పిల్లాడే, లోపలి గూడెం నుంచి ఉద్యోగానికి పోయినవాడు. వాణ్ణి నేను మా భాషలో తిట్టగలిగినంత తిట్టాను. వాడు తల దించుకుని గుంజ పీకాడు. వాడి మీద నాకు ఇప్పటికీ జాలి రాలేదు.

ఇంతలో వానలు పడ్డాయి. పెద్ద రైతు తెచ్చిన నారు ట్రాలీలోనే వాడిపోయిందని, మళ్ళీ నారు కొని తన పాత చేలోనే నాటుకున్నాడని తెలిసింది. ఆ తర్వాత అడవి శాఖవాళ్ళు గట్టు కింద, ఊరి చేలకూ మాకూ మధ్య లోతుగా కందకం తవ్వించారు. ట్రాక్టరు ఇక గట్టెక్కలేదు. మా దారి కూడా తెగిపోయింది. ఆత్మకూరు బస్సు పట్టుకోవాలంటే ఇప్పుడు కొండ పక్క నుంచి చుట్టు తిరిగి పోవాలి. ఎండాకాలం ఆ దారిలో నడిచేటప్పుడు అందర్నీ తిట్టుకుంటాను. వరస ప్రకారం తిట్టుకుంటాను.

చాళ్ళ మీది గుడిసెలు చివరికి మేమే తీసేశాం. ఆఫీసరు చెప్పాడని కాదు. అక్కడ నీడ లేదు, వానకు బురద. పాత చోటికే వచ్చి వేసుకున్నాం. రోడ్డు పక్క ఇళ్ళకు ఎవరమూ దిగలేదు. గీకేసిన నేలలో ముందు తంగేడు లేచింది, తర్వాత తునికి వేర్ల నుంచి పిలకలు వచ్చాయి. తపసి మాత్రం రాలేదు. చెట్ల గుట్టను ఎవరు తగలబెట్టారో తెలియదు, ఒక పూటంతా పొగ మా గుడిసెల్లోకే వచ్చింది.

నా మొగుడి భుజం అతుక్కుంది గానీ చెయ్యి చెవి దాకా లేవదు. తేనెకు చెట్టెక్కలేడు, మేకల వెంట పోతాడు. విసుగొచ్చినప్పుడు, "నువ్వు ఆ పెళ్ళ ఇసరకుంటే కేసు నిలిచేది కాదు" అంటాడు. "నేను ఇసరకుంటే నీ రెండో భుజం గూడా పోయేది" అంటాను. ఒక్కోసారి ఇద్దరం నవ్వుతాం. ఒక్కోసారి ఆ పూటకు మాటలుండవు. అత్త అందరికీ తానే గెలిపించినట్టు చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

మెల్లగా అంగట్లో మళ్ళీ ఉప్పు దొరకడం మొదలైంది. మిల్లుకు కరెంటు వచ్చింది. మా బేరం పోయినందుకు వాళ్ళకే బాధ కలిగినట్టుంది. గూడెంలో కొందరు పోతారు. నేను పోను. ఆత్మకూరు నుంచి మోసుకొస్తాను.

కేసు మాత్రం నడుస్తూనే ఉంది. వాయిదాకు ఆయనా రావాలి, నేనూ రావాలి. మొన్న వాయిదా అయ్యాక ఇంటికి వచ్చే బస్సెక్కితే, ఆయన కూడా అదే బస్సెక్కాడు. కారు ఎందుకు తేలేదో నాకు తెలియదు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది నా పక్కన ఒక్క సీటే. కండక్టరు ఆ సీటు చూపించి, "కూసో పెద్దాయనా, మోకాళ్ల నొప్పులంటివే" అన్నాడు. ఆయన సీటు చూశాడు, నన్ను చూశాడు. కనుబొమ్మ పక్కన మచ్చ తెల్లగా కనిపించింది. పైనున్న కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

నేను ఒళ్ళో ఉన్న బియ్యం సంచి తీసి ఆ సీటు మీద పెట్టాను. ఆయన ఊరు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు. మలుపుల దగ్గర ఊగుతూ, రెండుసార్లు నా సంచి మీద పడబోయి తమాయించుకున్నాడు. నేను సంచి తీయలేదు.